ముక్కు మూసుకోకముందే

నాకు సైనస్ వ్యాధి ఉందని తెలియకముందు నేను పంటి నొప్పి అనుకుని దంతవైద్యుడి దగ్గరకు వెళ్ళాను. 2022 నవంబరులో, తిరుపతిలో ఈశాన్య రుతుపవనాల వానలు ఆగి ఆగి పడుతున్న రోజుల్లో, కుడివైపు పై దవడ పళ్ళన్నీ ఒక్కసారిగా సలపడం మొదలైంది. మెట్లు దిగుతుంటే అడుగడుగుకూ ఆ పోటు కంటి కింది ఎముకకు తగిలేది. తరగతి గదిలో కింద పడిన సుద్దముక్క తీసుకుందామని వంగితే ముఖమంతా బరువెక్కి, కాసేపు బల్ల పట్టుకుని నిలబడవలసి వచ్చేది. ఆ దంతవైద్యుడు ఒక్కొక్క పన్నునూ తట్టి చూసి, ఎక్స్‌రే తీయించి, పళ్ళలో లోపమేమీ లేదని, పై దవడ వెనుక పళ్ళ వేళ్ళు బుగ్గ ఎముకలోని సైనస్ అనే గాలి గది అడుగుభాగానికి బాగా దగ్గరగా ఉంటాయి కనుక అక్కడ వాపు వస్తే నొప్పి పళ్ళలో తెలుస్తుందని వివరించి, చెవి ముక్కు గొంతు వైద్యులను కలవమన్నారు.

ఆ నొప్పికి ముందు నెలన్నరగా నాకు తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద ఉన్నాయి. దసరా దాటితే చాలు, ప్రతి ఏడూ ఇదే వరుస. ఉదయం లేవగానే పదీ పదిహేను తుమ్ములు వచ్చిన తర్వాతే నేను మాట్లాడగలిగేదాన్ని. "తల తడి ఆరకముందే బడికి పోతే ఇట్లే అయితాది" అని మా అమ్మ కోప్పడేది. ఇంట్లో అందరమూ దాన్ని జలుబు అనే అనుకున్నాం. జ్వరం లేకుండా, ముక్కులో నుంచి నీళ్ళలాంటి స్రావంతో, దురదతో వారాల తరబడి సాగేది అలర్జీ కావచ్చునన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

ఆ తర్వాతి పద్నాలుగు నెలల్లో నేను ఐదు విడతలుగా యాంటీబయాటిక్ మందులు వాడాను. ముక్కు నుంచి పచ్చని చీమిడి వస్తోందని చెప్పగానే ఊళ్ళోని ఒక క్లినిక్‌లో మందుల చీటీ రాసి ఇచ్చేవారు. ఎన్నాళ్ళుగా ఉంది, ఏ కాలంలో వస్తోంది అని అడిగినవారు లేరు. రంగు పచ్చగా ఉన్నంత మాత్రాన అది బాక్టీరియా పనే అని చెప్పలేమని, సైనస్ వాపుల్లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చి వారం పది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయని నాకు తర్వాత తెలిసింది. దీనికి తోడు నేను మరో పొరపాటు చేశాను. ముక్కు దిబ్బడ తట్టుకోలేక జైలోమెటజోలిన్ చుక్కలు కొనుక్కుని, మూడు నాలుగు రోజులకు మించి వాడకూడదని తెలియక, దాదాపు మూడు వారాలు వేసుకున్నాను. మొదట్లో రెండు నిమిషాల్లో తెరుచుకున్న ముక్కు, చివరికి ఆ చుక్కలు లేకుంటే గంటసేపైనా తెరుచుకోని స్థితికి వచ్చింది.

2023 చివరిలో వాసన కూడా పోయింది. పొరుగువారు కొండకు వెళ్ళివచ్చి లడ్డూ ప్రసాదం ఇచ్చినప్పుడు, ముక్క విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నా నెయ్యి, ఏలకులు, పచ్చకర్పూరం ఏవీ తెలియలేదు. నాలుకకు తీపి మాత్రం అందింది. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది.

2024 జనవరిలో కలిసిన చెవి ముక్కు గొంతు వైద్యురాలు మొదట నా మాట పూర్తిగా విన్నారు. సన్నని దుర్భిణీ గొట్టంతో ముక్కు లోపల చూసి, కాగితం మీద ఒక గది బొమ్మ గీశారు. "చూడండమ్మా, బుగ్గలో ఉన్న ఈ గదికి వాకిలి కింద లేదు, పైకప్పుకు దగ్గరగా ఉంది. లోపల ఊరే జిగురును సూక్ష్మమైన నూగు పైకి తోస్తూ బయటికి పంపాలి. అలర్జీతో ముక్కు పొర ఉబ్బితే ఆ సన్నని వాకిలి మూసుకుంటుంది. నిలిచిన జిగురులో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. మీరు ఇన్నాళ్ళూ గదిలోని చీముకు మందు వేశారు, వాకిలిని ఎవరూ పట్టించుకోలేదు" అన్నారు. ఆ బొమ్మ ఇప్పటికీ నా డైరీలో ఉంది.

అలర్జీ మందులను వారం రోజుల ముందే మాన్పించి చర్మపరీక్ష చేశారు. ముంజేతి మీద అలర్జీ తెప్పించే పదార్థాల చుక్కలు వరుసగా వేసి, ఒక్కో చుక్క మీద సూదిమొనతో పైపైన గుచ్చారు. పావుగంట గడిచేసరికి రెండు చోట్ల దోమ కుట్టినట్లు తెల్లని దద్దుర్లు లేచాయి. ఒకటి దుమ్ములోని సూక్ష్మ పురుగులకు, రెండవది వయ్యారిభామ పుప్పొడికి. నేను రోజూ సాయంత్రం నడిచే దారికి ఇరువైపులా, ఇళ్ళు కట్టని ఖాళీ స్థలాల్లో, వానల తర్వాత నడుమెత్తు పెరిగి తెల్లని పూలతో నిండి ఉండేది ఆ వయ్యారిభామే. 1950లలో పుణె దగ్గర గుర్తించిన ఈ కలుపు తర్వాత దేశమంతా పాకింది.

చికిత్సలో ముఖ్యమైనది స్టెరాయిడ్ ముక్కు స్ప్రే. ఇది చుక్కల మందులా వెంటనే పనిచేయదు, పూర్తి ఫలితానికి రెండు వారాల వరకు పట్టవచ్చు, కనుక నా వంటివారు కాలం రాకముందే మొదలుపెట్టాలని ఆమె చెప్పారు. స్టెరాయిడ్ అనగానే నేను భయపడ్డాను; ముక్కు పొర మీద పనిచేసే ఆ కొద్ది మోతాదులో రక్తంలోకి చేరేది చాలా తక్కువని ఓపికగా చెప్పి ధైర్యమిచ్చారు. స్ప్రే చేసుకునే తీరును నర్సు దగ్గరుండి సరిదిద్దింది: తల కొంచెం ముందుకు వంచాలి, కుడి ముక్కురంధ్రానికి ఎడమచేత్తో పట్టుకోవాలి, మొనను నడిమి గోడవైపు కాకుండా అదే వైపు కంటి బయటి కొసవైపు తిప్పాలి, గట్టిగా ఎగబీల్చకూడదు. అంతకుముందు నేను తల వెనక్కి వాల్చి, నడిమి గోడకే కొట్టుకునేదాన్ని. మందంతా గొంతులోకి జారిపోయేది, అప్పుడప్పుడు ముక్కులో రక్తం కనిపించేది.

రెండవది ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం. దీని గురించి కొంచెం వివరంగా రాయాలనుంది, ఎందుకంటే కుళాయి నీటితోనే జలనేతి చేసేవారిని నేను చూశాను. 2024లో కేరళలో అమీబా వల్ల వచ్చే మెదడువాపుతో పిల్లలు చనిపోయారు. ఆ అమీబా నీటితో పాటు ముక్కు ద్వారానే మెదడుకు చేరుతుంది. అందువల్ల నీళ్ళు తెర్లి పొంగేలా కనీసం ఒక నిమిషం మరిగించి, మూతపెట్టి చల్లార్చి, గోరువెచ్చగా ఉండగా లీటరుకు తొమ్మిది గ్రాముల లెక్కన అయోడిన్ కలపని ఉప్పు వేస్తాను. ఉప్పు తక్కువైతే ముక్కు మండుతుంది, సరిగ్గా పడితే ఏమీ తెలియదు. వాడిన పాత్రను ప్రతిసారీ అదే మరిగించిన నీటితో కడిగి బోర్లించి ఆరబెడతాను. ముందు కడుక్కుని, కొంతసేపు ఆగి స్ప్రే చేసుకుంటే మందు జిగురు మీద కాకుండా పొరకు అందుతుంది. అమ్మ పసుపు వేసి పట్టించే ఆవిరి హాయిగా ఉంటుంది, మానలేదు, అయితే దాని మీదే ఆధారపడడం మానేశాను.

ఇంట్లో దూది పరుపు తీసేశాం. దుప్పట్లు, దిండుగలీబులు వారానికొకసారి వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేస్తున్నాం. బడి గ్రంథాలయంలో పాత పుస్తకాలు దులిపే పనికి మాస్కు పెట్టుకుంటాను. 2024 ఆగస్టులో మా వీధివాళ్ళు చేతులకు తొడుగులు, ముఖానికి మాస్కులు వేసుకుని, వయ్యారిభామ పూతకు రాకముందే వేళ్ళతో సహా పీకేశారు; నన్ను మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

ఆ ఏడు సెప్టెంబరు మొదటివారంలో స్ప్రే మొదలుపెట్టాను. దసరా గడిచింది, దీపావళి గడిచింది, ఉదయపు తుమ్ములు రెండు మూడుకు దిగాయి. డిసెంబరులో బడిపిల్లల నుంచి జలుబు అంటుకుని, నాలుగో రోజుకు చీమిడి పచ్చబడింది. పాత భయంతో వైద్యురాలికి ఫోన్ చేశాను. పది రోజులు దాటినా తగ్గకపోతే, లేదా తగ్గినట్టే తగ్గి మళ్ళీ ముదిరితే రమ్మన్నారు. కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనబడటం, మెడ బిగుసుకోవడం, భరించలేని తలనొప్పి వీటిలో ఏది వచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళమన్నారు. యాంటీబయాటిక్ రాయలేదు. రెండు పూటలా ఉప్పునీళ్ళతో కడుక్కుంటూ, స్ప్రే ఆపకుండా, గోడమీది క్యాలెండరులో రోజులు లెక్కపెట్టుకున్నాను. ఎనిమిదో రోజు ఉదయం వంటింట్లో అమ్మ తిరగమాత వేస్తుంటే, పడకగదిలో ఉన్న నాకు ఇంగువ వాసన వచ్చింది.