యువాల్డీలో అవకాడో చెట్లు

అమెరికాలోని టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో నుంచి పడమరగా 90వ నంబరు హైవే పట్టుకుంటే కాస్ట్రోవిల్, హాండో, సబినల్ దాటాక యువాల్డీ వస్తుంది. దారి పొడవునా చదును పొలాలు, ముళ్లపొదలే. మేం వెళ్లింది అవకాడో చెట్ల కోసం. జోయీ, లీలా లాంటి రకాలకు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటాయని చీటీ తగిలించి అమ్ముతారు. మార్కెట్లో ఎక్కువగా కనిపించే హాస్ రకమేమో మైనస్ 2 దగ్గరే దెబ్బతినడం మొదలుపెడుతుంది. మరీ ఇంత తేడానా అని నా అనుమానం. జోయీ బయటపడింది యువాల్డీలోనే కనుక అక్కడే చూద్దామని బయల్దేరాం.

పెరట్లో ఈ చెట్లు పెంచే ఓ పెద్దాయన ముందుగా ఒక ఆకు నలిపి నా చేతిలో పెట్టారు. సోంపు గింజల వాసన! మెక్సికో కొండల జాతికి అదో గుర్తు. చలికి ఓర్చుకునే గుణం కూడా ఆ జాతి నుంచి వచ్చిందే.

చీటీ సంగతి ఎత్తితే నవ్వారు. ఆ అంకె బాగా ఎదిగిన చెట్టుకి, అదీ కొద్ది గంటల చలికి. లేత మొక్కకు దాన్ని నమ్ముకుంటే అంతే. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ని పట్టిన చలి రోజుల తరబడి వదల్లేదు. ఆయన చెట్లు నేల దాకా మాడిపోయాయి. అయితే చలికి ముందే మొదళ్ల చుట్టూ, అంటు కట్టిన చోటు మునిగేలా, మట్టి ఎగదోసి ఉంచారు. మట్టిలో ఉన్న భాగం బతికి, అంటుకు పైనుంచే మళ్లీ చిగుర్లు వచ్చాయి. కంచె అవతలి చెట్టుకు ఆ పని చెయ్యలేదు. అదీ చిగిర్చింది, కానీ అంటుకు కిందనున్న వేరు మొక్క నుంచి. అంటే అది ఇప్పుడు జోయీ కాదు, ఏం కాస్తుందో కాసేదాకా తెలియదు. చూపుకి మాత్రం రెండూ ఒకే పచ్చగా ఉన్నాయి. ఇంత దూరం వచ్చినందుకు ఈ రెండు చెట్లూ చాలనిపించింది.

మేం వెళ్లింది మార్చి మొదట్లో. చెట్ల నిండా పూత, ఆ రాత్రికి గడ్డకట్టే చలి హెచ్చరిక! ఆయన టెన్షన్ అంతా పూత గురించే. చెట్టు బతికినా పూత మాడితే ఆ ఏడు కాయ ఉండదు. పైగా అవకాడో పువ్వు ముందు ఆడపువ్వుగా విచ్చుకుని, మూసుకుని, మర్నాడు మగపువ్వుగా తెరుచుకుంటుంది. చలి రాత్రుల్లో ఆ వేళలు తప్పుతాయి. నన్నడిగితే చీటీ మీద రాయాల్సింది ఈ సంగతి.

మేమూ చేతులు కలిపాం. నేలను బాగా తడిపాం, తడి నేల పగటి వేడిని ఎక్కువగా దాచుకుంటుంది. పైన కప్పిన గుడ్డను కాండానికి కట్టకుండా నేల దాకా దించి అంచుల మీద రాళ్లు పెట్టాం, నేల వేడి లోపలే ఉండాలి కదా. లోపల పాతకాలం ఫిలమెంటు బల్బులు వేలాడదీశారు. ఎల్ఈడీలకు అంత వేడి ఉండదు.

పండు రుచి చూడొచ్చా అని మా ఆవిడ అడిగింది. జోయీ పండు చిన్నది, నల్లది. పల్చటి తొక్కతో సహా తినేయొచ్చట. అంత పల్చని తొక్కతో దూరప్రయాణాలు కుదరవు కనుక దుకాణాల్లో కనపడదు. వేసవి చివర్లో రమ్మన్నారు, బయల్దేరే ముందు పూత నిలిచిందో లేదో ఫోన్ చేసి కనుక్కోమన్నారు.