నీట్‌లో జెనెటిక్ కోడ్: 64 కోడాన్లూ బట్టీ పట్టాలా?

అక్కర్లేదు. కోడాన్ అంటే ఆర్‌ఎన్‌ఏలో మూడు బేసుల (ఏ, యూ, జీ, సీ అనే అక్షరాల) మాట; ప్రోటీన్‌లో ఏ అమైనో ఆమ్లం రావాలో అది చెబుతుంది. ఏ మాటకు ఏ ఆమ్లమో చెప్పేదే జెనెటిక్ కోడ్. మా హాస్టల్లో కొందరు కోడాన్ల పట్టిక గోడకు అంటించి పొద్దున్నే జపం చేసేవాళ్లు. నేను నేర్చుకున్నవి కొన్నే. ప్రోటీన్ తయారీ మొదలుపెట్టేది ఏయూజీ, అంటే మెథియోనిన్. ఆపేవి యూఏఏ, యూఏజీ, యూజీఏ. ఒక్క కోడానే ఉన్నవి మెథియోనిన్, ట్రిప్టోఫాన్. ఆరేసి ఉన్నవి లూసిన్, సెరిన్, ఆర్జినిన్. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు కోసం జీఏజీ, జీయూజీ: హీమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ గొలుసు ఆరో స్థానంలో గ్లూటమిక్ ఆమ్లం పోయి వాలిన్ వచ్చి కూర్చుంటుంది. ఇంతకు మించి నాకు అవసరం పడలేదు.

బట్టీకి లొంగనిది ఫ్రేమ్‌షిఫ్ట్. అంటే ఒక బేసు చేరినా పోయినా మూడేసి చదివే వరస జరిగిపోవడం. దానికి నోట్సులో ఒక వాక్యం రాసుకున్నాను: "రాముడు గుడికి వెళ్ళాడు." అన్నీ మూడక్షరాల మాటలే. 'రాముడు' తర్వాత 'మా' చేర్చి మళ్లీ మూడేసి చొప్పున విడగొట్టండి: "రాముడు మాగుడి కివెళ్ళా డు." రాముడికేం కాలేదు, ఆ తర్వాతదంతా గందరగోళం. 'మావూరి' అని మూడక్షరాలూ చేరిస్తే మాత్రం ఒక మాట పెరుగుతుందంతే, మిగతా వాక్యం చెడదు.

ఇది పట్టుబడితే 2017 నీట్ ప్రశ్న నోటిలెక్కే. 999 బేసుల ఆర్‌ఎన్‌ఏ 333 అమైనో ఆమ్లాలకు కోడ్ చేస్తోంది. 901వ బేసు పోతే ఎన్ని కోడాన్లు మారతాయి? 900 దాకా 300 కోడాన్లు భద్రం, మిగిలిన 33 మారతాయి.

శాస్త్రవేత్తల పేర్లు ఎవరేం చేశారో దానితో కలిపి చదవండి, జతపరచడంలో తడబడరు. గామోవ్ భౌతికశాస్త్రవేత్త, ఆయనది లెక్క: 4 బేసులు రెండేసి కలిస్తే 16, 20 అమైనో ఆమ్లాలకు చాలవు, మూడేసి అయితే 64. 1961లో నిరెన్‌బర్గ్, మత్తేయి అన్నీ యూలే ఉన్న ఆర్‌ఎన్‌ఏ వేస్తే ఒట్టి ఫినైల్‌అలనిన్ గొలుసు వచ్చింది. ఏ బేసులు ఏ వరసలో రావాలో ముందే అనుకుని ఆర్‌ఎన్‌ఏ తయారుచేసింది ఖొరానా. 1968 నోబెల్ నిరెన్‌బర్గ్, ఖొరానా, హాలీలకు.

కోడ్ సార్వత్రికం, అంటే అన్ని జీవుల్లో ఒకటే అనడానికి నేను గుర్తుపెట్టుకున్నది మన హైదరాబాద్ ఉదాహరణ. 1997లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్ బి టీకాలో వైరస్ ప్రోటీన్‌ను తయారుచేసేది ఈస్ట్. వైరస్ జన్యువును ఈస్ట్ సరిగ్గా చదవగలిగింది కాబట్టే అది కుదిరింది. కానీ ఆప్షన్‌లో 'ఎలాంటి మినహాయింపూ లేకుండా' అని కనిపిస్తే టిక్ పెట్టకండి. మన మైటోకాండ్రియాలోనే యూజీఏ స్టాప్ కాదు, ట్రిప్టోఫాన్.