హంపి రాతి రథం మోడల్, మూడో వారం: ఏనుగులా గుర్రాలా

ఈ వారం పని వెనక్కి పోయింది, తప్పు నాదే. ఆదివారం బాడీ మీద గ్రే స్ప్రే కొట్టా, రెండు నిమిషాల్లో థర్మాకోల్ జల్లెడ అయి కూర్చుంది. స్ప్రే డబ్బాలో ఉండే సాల్వెంట్ థర్మాకోల్‌ని తినేస్తుందని తెలుసు, అయినా ఫెవికాల్ పూత ఉందిగా ఏం కాదులే అనుకున్నా, మూలల్లో పూత అందలేదు. మళ్లీ మొదట్నుంచి, ఈసారి 20 ఎంఎం ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్) షీటు, అక్రిలిక్ రంగులు, బ్రష్‌ మాత్రమే.

స్కేలు 1:25. కొలతల కోసం, పోయినేడాది విఠల గుడిలో రథం పక్కన తమ్ముణ్ణి నిలబెట్టి తీసిన ఫొటో ప్రింట్ తీసి వాడి 5 అడుగుల 8 అంగుళాల లెక్కన మిగతావన్నీ కట్టుకున్నా. మోడల్ పక్కన వాడు 7 సెంటీమీటర్ల అట్టముక్క.

చాలామంది ఆ రథం ఏకశిల అనుకుంటారు, నేనూ అనుకున్నా. కాదు, గ్రానైట్ దిమ్మెలు పేర్చి అతుకులు శిల్పాల్లో కలిసిపోయేలా చెక్కారు. అందుకే ఫోమ్ మీద ఇంకు అయిపోయిన రీఫిల్‌తో సన్నగా అతుకులు గీశా, నలిపిన అల్యూమినియం ఫాయిల్ ఉండ నొక్కితే రాతి గరుకు అచ్చంగా దిగింది. చక్రానికి 3 ఎంఎం సన్‌బోర్డ్ (ప్లాస్టిక్ ఫోమ్ అట్ట) బిళ్లలు మూడు, ఇరుసు కబాబ్ పుల్ల, తిరుగుతాయి. అసలువీ ఒకప్పుడు తిరిగేవి, ఇప్పుడు సిమెంట్‌తో బిగించేశారు.

ఇక గొడవంతా ముందున్న ఏనుగుల దగ్గర. మొదట అక్కడ గుర్రాలుండేవి, ఏనుగులు తర్వాతెప్పుడో తెచ్చిపెట్టినవి, దగ్గరికెళ్లి వాటి వెనక్కి తొంగిచూస్తే గుర్రాల వెనక కాళ్లు, తోకలు ఇంకా కనబడతాయి. రథం పైన ఇటుక శిఖరం కూడా ఉండేది, 1856లో బ్రిటిష్ సైనికాధికారి అలెగ్జాండర్ గ్రీన్‌లా తీసిన ఫొటోలో స్పష్టంగా ఉంది. రాయలు పట్టాభిషేకం గుర్తుగా 1510లో విరూపాక్ష గుడికి కట్టించిన గోపురమైనా, 1513లో ఆయన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి ఈ విఠల గుడికే కట్టించిన గోపురాలైనా అదే పద్ధతి, కింద రాయి, పైన ఇటుక సున్నం. అందుకే రథమొక్కటీ బోడిగా ఉంటే నాకు సగం గుడి చూసినట్టుంది, పైన శిఖరం, ముందు గుర్రాలు పెట్టాలనే డిసైడ్ అయ్యా.

నాన్న ఈ రథం బొమ్మున్న యాభై రూపాయల నోటు తీసి మోడల్ పక్కన పట్టుకుని "ఇందులో పైన ఏం లేదు కదరా, ఏనుగులేవి?" అన్నారు. కాసేపు చెప్పి చూశా, "నోటు మీద తప్పేస్తారా" అన్నారు. సరే, శిఖరం గుండుసూదులతో గుచ్చా, కావాలంటే ఊడొస్తుంది, ఏనుగులు విడిగా చేస్తా. గుర్రాలు క్లేతో మొదలుపెట్టా, నిన్నటికి ఒక తోక అయింది, కాలు ఎండేలోపే విరిగింది, లోపల తీగ పెట్టి మళ్లీ చేయాలి.