‘పి’లోంచి కదలని లివరు

శుక్రవారం, ఆటోనగర్. పొద్దున్నుంచే ఉక్కపోత. వచ్చిన మొదటి పనే ఆటోమేటిక్ కారు: బ్రేకు తొక్కినా గేరు లివరు ‘పి’ (పార్కింగ్) దాటట్లేదు.

ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది వెనక బ్రేకు లైట్లు. అవీ వెలగకపోతే పెడల్ స్విచ్చో ఫ్యూజో పోయినట్టే, కన్సోల్ (ముందు సీట్ల మధ్య లివరుండే పెట్టె) జోలికి పోనక్కర్లేదు. ఈ కారుకి లైట్లు వెలిగాయి గానీ లివరు కింద, కరెంటుతో పిన్ను కదిలించి లాక్ విడిపించే సోలెనాయిడ్ ‘టిక్’ మనలేదు. పక్కనున్న చిన్న మూత తీసి, లాక్ విడిపించే కంతలో స్క్రూడ్రైవర్ నొక్కితే లివరు కదిలింది. అంటే లివరు నుంచి గేరుబాక్సుకి వెళ్లే కేబుల్ బాగానే ఉంది, లాక్ దగ్గరే తేడా. ఇక లివరు సెట్టు విప్పాల్సిందే.

కేబుల్ ఊడదీశాక ‘పి’ని నమ్ముకోకూడదు. హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాలకు దిమ్మలు పెట్టి, బ్యాటరీ నెగెటివ్ తీసేశాం. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ యూనిట్ కన్సోల్ కిందే ఉంటుంది కాబట్టి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే చెయ్యి పెట్టాలి. ఎయిర్‌బ్యాగ్ పసుపు కనెక్టర్ ఊడి ఉండగా తాళం తిప్పితే డాష్‌లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది, స్కానర్ పెడితే గానీ పోదు.

నాబ్ కొన్నిటికి తిప్పితే వస్తుంది, కొన్నిటికి స్క్రూలుంటాయి. దీనికి తోలు తొడుగు కింద క్లిప్పు. అది లాగి నాబ్‌ని నిటారుగా పైకి తీయాలి. కేబుల్ కొసని స్క్రూడ్రైవర్‌తో ఒకవైపు నుంచే ఎగదీస్తే లోపలి ప్లాస్టిక్ బుష్ చిట్లిపోతుంది. రెండువైపులా సమంగా లేపాలి. తర్వాత కనెక్టర్, నాలుగు నట్లు, అంతే.

“ఏటి బాబూ, ఉప్పుగాలేనా?” అన్నారు ఓనరు. వైజాగ్‌లో ఏది పాడైనా నింద సముద్రానిదే! పాత లివరు విప్పితే సోలెనాయిడ్ పిన్ను చుట్టూ గోధుమరంగు పాకం గట్టిపడి ఉంది, అందులో నాలుగు చచ్చిన చీమలు. ఎప్పుడో ఒలికిన కూల్‌డ్రింకు. అదొక్కటే అయితే గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టొచ్చు. కానీ లివరు ‘పి’లో ఉందని చెప్పే స్విచ్చు కాంటాక్టులు కూడా చిలుము పట్టి పచ్చబడిపోయాయి, అందుకే సెట్టు మొత్తం మార్చడం. సెట్టు ఛాసిస్ నంబర్ చెప్పే తెప్పించాలి. మోడల్ ఒకటే అయినా వైరింగ్ వేరుగా ఉండొచ్చు.

అసలు పని బిగింపులో ఉంది. లివరూ గేరుబాక్సు దగ్గరి ఆర్మూ రెండూ ‘పి’లో ఉండగానే కేబుల్ అడ్జస్టర్ లాక్ వదలాలి. కేబుల్ తనంతట తాను సర్దుకున్నాక నొక్కాలి. బిగుతుగా లాగి లాక్ చేస్తే డాష్‌లో ‘డి’ (డ్రైవ్) కనిపిస్తుంది, గేరుబాక్సు లోపల ఆయిల్‌ని మళ్లించే వాల్వు సగందారిలో ఉంటుంది. ఆయిల్ ప్రెషర్ చాలక క్లచ్ ప్లేట్లు జారి మాడతాయి.

కన్సోల్ మూయకముందే కనెక్టర్లన్నీ పెట్టి, బ్యాటరీ కలిపి చూశాం. ఇంజను ‘పి’, ‘ఎన్’ (న్యూట్రల్)లలోనే స్టార్టవ్వాలి, ‘ఆర్’ (రివర్స్)లో వెనక తెల్ల లైటు రావాలి, బ్రేకు తొక్కకుండా ‘పి’ వదలకూడదు. అన్నీ సరిపోయాయి.

ఓనరు ఇల్లు ఎత్తు మీదట. అక్కడ ఆపేటప్పుడు బ్రేకు తొక్కి ‘ఎన్’, హ్యాండ్‌బ్రేకు లాగి బ్రేకు వదలడం, చివర్లో మళ్లీ బ్రేకు తొక్కి ‘పి’ అని చెప్పి పంపించాం. నేరుగా ‘పి’లో వదిలేస్తే కారు బరువంతా గేరుబాక్సులోని పార్కింగ్ కొక్కెం మీదే పడుతుంది.