చొక్కా మీద పట్టీ చుట్టి చూసిన బీపీ – నా అనుభవం

మా ఆయనకు మెదడులో నరం చిట్లి రక్తస్రావం అయింది. కారణం బీపీయే అన్నారు. ఐసీయూలో సూదిమందుతో బీపీని 140 దగ్గరకు దించి పట్టి ఉంచారు, ఆపరేషన్ అవసరం పడలేదు. పంపించేటప్పుడు ఇంటి దగ్గర 130/80 లోపే ఉండాలని, మళ్ళీ నరం చిట్లకుండా చూసుకోవడానికి అదే ముఖ్యమని చెప్పారు. అంతవరకు నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

ఇంట్లో బీపీ చూడటం తొందరగానే అలవాటైంది. పొద్దున మాత్రలు వేసుకోకముందు ఒకసారి, రాత్రి ఒకసారి. మూత్రానికి వెళ్ళొచ్చి, వీపు కుర్చీకి, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి, మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండు అంకెలూ రాయాలి. ఆయనకు కుడివైపు పడిపోయింది కాబట్టి ఎప్పుడూ ఎడమ చేతికే చూస్తాను. బళ్ళో హాజరుపట్టీ తప్పు లేకుండా రాసినదాన్ని, ఈ నోట్‌బుక్కూ అలాగే రాశాను. ఎక్కువగా 120ల్లోనే ఉండేది.

ఆ నోట్‌బుక్కు పట్టుకుని ఓపీకి వెళ్ళాం. లిఫ్టు స్ట్రెచర్ల కోసమేనన్నారు. చేతికర్ర పట్టుకుని, నా భుజం ఆసరాతో ఆయన మెట్లెక్కారు. ఊపిరి తిప్పుకోకముందే నర్సు పిలిచి, నిలబెట్టే ఫుల్ చేతుల చొక్కా మీద పట్టీ చుట్టింది. ఆయన చెయ్యి లావు, ఆ పట్టీ చిన్నది, ఊడిపోతుంటే వేలితో నొక్కి పట్టుకుంది. పైగా పేరేంటి, వయసెంత అని అడుగుతూనే ఉంది. మాట సరిగా రాని మనిషి జవాబు చెప్పడానికి తంటాలు పడుతున్నారు. 178 వచ్చింది.

డాక్టరు కాగితం చూసి, "ఏమ్మా, మాత్రలు వేస్తున్నావా, పారేస్తున్నావా? మళ్ళీ బ్లీడింగ్ అయితే నా దగ్గరకొచ్చి ఏడవొద్దు" అన్నాడు. తలుపు తీసే ఉంది, లైన్లో ఉన్నవాళ్ళంతా విన్నారు. నోట్‌బుక్కు చూపిస్తే, "ఇంటి మిషన్లు నేను నమ్మను" అని పక్కకు నెట్టాడు. మా ఆయన "వేసుకుంటున్నానండీ" అనబోయారు, మాట బయటికి రాలేదు. కళ్ళు తుడుచుకుంటూ బయటికి నడిచారు. నన్నంటే పడతాను. జబ్బుతో మాట పోయిన మనిషిని అబద్ధాలకోరును చేసి పంపడం మాత్రం ఈ జన్మకి మర్చిపోను.

బీపీ మాత్రల్లో టెల్మిసార్టన్ 40 ఉన్నది 80 చేశాడు, ఆమ్లోడిపిన్ 5 ఉన్నది 10 చేశాడు, కొత్తగా క్లోర్‌థాలిడోన్ అని, ఉప్పూ నీరూ మూత్రంలో పోగొట్టి బీపీ తగ్గించే మాత్ర చేర్చాడు. మూడు మార్పులు ఒకేసారి! కొన్నాళ్ళకే చీలమండలు వాచాయి. ఒక పొద్దున మంచం మీంచి లేస్తూనే తూలిపోయారు, నేను పక్కనే ఉండబట్టి తల గోడకు తగల్లేదు. చూస్తే 96/60. ఫైలు మీదున్న నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు తెనాలిలో ఒక ఫిజిషియన్ మేడం దగ్గరకు తీసుకెళ్ళాం. ఆవిడ ముందు నోట్‌బుక్కు మొత్తం చదివింది. తర్వాత టేపు పెట్టి చెయ్యి కొలిస్తే 35 సెంటీమీటర్లు. మామూలు పట్టీ 32 వరకే పనికొస్తుందట, లావు చేతికి చిన్న పట్టీ వేస్తే లేని బీపీ చూపిస్తుందట. మిషన్ కొన్నప్పుడే మా అబ్బాయి పెద్ద పట్టీ తెప్పించాడు కాబట్టి మా అంకెలు సరైనవే. తన మిషన్, మా మిషన్ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసింది, రెండూ దగ్గరగానే వచ్చాయి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూసింది. రక్తపరీక్షలో సోడియం తగ్గిందని తేలితే క్లోర్‌థాలిడోన్ ఆపించి, మిగతా రెండూ పాత మోతాదుకు తెచ్చింది. అంకె తగ్గింది కదా అని మీ అంతట మీరు మాత్రలు మానేయకండి, అది ఇంకా ప్రమాదం.

మందుల షాపువాళ్ళతోనూ జాగ్రత్త. "పక్షవాతమా? ఎకోస్ప్రిన్ వాడట్లేదా?" అని మాకు అంటగట్టబోయాడొకడు. అది రక్తం పల్చబడటానికి ఇచ్చేది, మాకు జరిగింది రక్తస్రావం. మెదడు డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు. భుజం నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివీ బీపీ పెంచుతాయి.

ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు. మా ఇంట్లో ఆవకాయ, చల్ల మిరపకాయలు, అప్పడాలు ఆగిపోయాయి. లో సోడియం ఉప్పు కొనేముందు డాక్టర్ని అడగండి, అందులో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టన్‌తో కలిస్తే ఒంట్లో అది ఎక్కువైపోవచ్చు.

ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతి, మూతి వంకర, మాట తడబాటు వస్తే బీపీ ఎంతుందో చూస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.

స్కానింగులు, పాత రికార్డు అక్కడే ఉన్నాయి కాబట్టి వచ్చే నెల మళ్ళీ ఆ ఆసుపత్రికే వెళ్ళాలి. ఈసారి పొట్టి చేతుల చొక్కా వేయిస్తాను, మా మిషన్, పెద్ద పట్టీ సంచిలో పెట్టుకెళ్తాను. ఐదు నిమిషాలు కూర్చోనివ్వందే ఆయన చెయ్యి ఇవ్వనని ఆ నర్సుకు ముందే చెబుతాను.