సప్పోరో మంచులో నడక

ఫిబ్రవరిలో జపాన్‌లోని సప్పోరోకు వెళ్లేవారిలో చాలామంది మంచు పండుగ చూడడానికే వెళతారు. నేనూ అందుకే వెళ్లాను గాని, ఆ నగరంలో నన్ను ఎక్కువగా మురిపించినవి పండుగలో పెట్టే మంచు బొమ్మలు కావు, వీధులు. దాదాపు ఇరవై లక్షల మంది నివసించే ఈ నగరంలో ఏటా ఐదు మీటర్లకు అటూ ఇటూగా మంచు కురుస్తుంది. సైబీరియా నుంచి వీచే శీతల పవనాలు జపాన్ సముద్రాన్ని దాటేటప్పుడు తేమను నింపుకొని వచ్చి, దానిని సప్పోరో ఉన్న హొక్కైడో దీవి మీద మంచుగా కురిపిస్తాయి. బాగా చలిగా ఉన్న రోజున కురిసిన మంచు తడిగా అంటుకోదు. కోటు దులిపితే పొడి పిండిలా రాలిపోతుంది, కాలి కింద కిర్రుమంటుంది.

అయితే జనం తొక్కి గట్టిపడిన చోట, ముఖ్యంగా రోడ్డు దాటే కూడళ్ల దగ్గర, అది అద్దంలా నున్నబడుతుంది. అడుగులు చిన్నవిగా వేస్తూ, పాదం మొత్తం నేలకు ఆనేలా నడవాలి. అక్కడివాళ్లు దీన్ని పెంగ్విన్ నడక అంటారు. కూడళ్ల దగ్గర ఉంచిన పెట్టెల్లో సన్నటి కంకర నింపిన సంచులుంటాయి. దారిన పోయేవారే ఒకటి తీసి, చింపి, జారుడుగా ఉన్నచోట చల్లి వెళ్లిపోతారు. ఒక పెద్దావిడ ఆ పని చేసి, ఖాళీ సంచిని మడిచి మళ్లీ ఆ పెట్టెలోనే పెట్టడం చూశాను. మంచును శత్రువుగా చూడకుండా, దానితో సర్దుకుపోయే ఈ తీరు నాకెంతో నచ్చింది. ట్రాఫిక్ దీపాలను నిలువుగా అమర్చడం కూడా వాటి మీద మంచు పేరుకోకుండా ఉండడానికేనట. రైల్వే స్టేషన్ నుంచి పండుగ జరిగే ఓదోరి వరకు 2011లో తెరిచిన భూగర్భ నడకదారి వెచ్చగా, హాయిగా ఉంటుంది గాని, నేను పైనుంచే వెళ్లాను.

ఓదోరి పార్కు నగరం నడిమధ్యన సుమారు కిలోమీటరున్నర పొడవున సాగుతుంది. 1950లో ఇక్కడ విద్యార్థులు ఆరు మంచు బొమ్మలు చేసి నిలబెట్టడంతో ఈ పండుగ మొదలైంది. ఇప్పుడు పెద్ద శిల్పాలు భవనాలంత ఎత్తు ఉంటాయి. వాటికి కావలసిన మంచును బయటి నుంచి లారీల్లో తెస్తారు, నిర్మాణంలో ఆత్మరక్షణ దళాల (జపాన్ సైన్యం) సైనికులు పాలుపంచుకుంటారు. పెద్ద శిల్పాల ముందు రద్దీ విపరీతం. సామాన్య పౌరులు చేసిన చిన్న బొమ్మల దగ్గర నిలబడితే మాత్రం చేతి గుర్తులు, వంకర ముక్కులు, కొత్తగా అతికించిన చెవులు తీరిగ్గా చూడవచ్చు. నాకవే ఇష్టమయ్యాయి.

పార్కు కంటే ప్రశాంతమైన చోటు హొక్కైడో విశ్వవిద్యాలయ ప్రాంగణం. భౌతిక శాస్త్రవేత్త నకాయా ఉకిచిరో 1936లో ప్రపంచంలోనే మొదటిసారిగా కృత్రిమ మంచు స్ఫటికాన్ని తయారుచేసినది ఇక్కడే. స్ఫటికం పెరగడానికి ఆయన ఆధారంగా వాడినది కుందేలు వెంట్రుక. ఉష్ణోగ్రత, తేమ మారినకొద్దీ స్ఫటికం ఆకారం ఎలా మారుతుందో ఆయన పరిశోధనలు తేల్చాయి. ఆ సంగతి తెలిసి ఉండడం వల్ల కాబోలు, నల్లటి చేతి తొడుగు మీద రాలిన ఒక మంచు రేకును ఊపిరి బిగబట్టి మరీ పరిశీలించాను. ఆరు కొమ్మలు, ప్రతి కొమ్మకూ ఈకల వంటి పిల్ల కొమ్మలు, వాటిలో ఒకటి సగంలో విరిగి ఉంది. ఊపిరి తగలగానే అది నీటిచుక్కయింది.

ఇంతసేపు తిరిగాక కడుపులోకి వేడిగా ఏదైనా పడాల్సిందే. మిసో రామెన్ (పులియబెట్టిన సోయా ముద్ద కలిపిన సూప్‌లో నూడుల్స్) పుట్టిన ఊరు ఇదే కనుక మరో ఆలోచన చేయలేదు. మొక్కజొన్న గింజలు, పైన కరుగుతున్న వెన్న ముక్క, సూప్ మీద తేలే కొవ్వు పొర. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు కనుక గిన్నె అడుగుకు చేరేదాకా సూప్ చల్లారలేదు. గంటలకొద్దీ మంచులో తిరిగి వచ్చినవారికే దాని రుచి పూర్తిగా తెలుస్తుందని నా అభిప్రాయం. వేసవిలో వెళ్లి తిన్నవారు ఒప్పుకోకపోవచ్చు.