పెద్దమ్మ అడిగిన మందు

ఈ వారం ల్యాబ్‌లో క్యాన్సర్ కణాల మీద మందు వేసిన 96 గుంటల ప్లేటు చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఎంటీటీ అనే పసుపు పొడిని కలిపి వేస్తే బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకి మారుస్తాయి. మందు మోతాదు పెరిగేకొద్దీ ఊదా పలచబడి, చివరి వరుసలో దాదాపు రంగే లేదు. ఎంత సంతోషమో! అయితే కణాలు ఎలా చచ్చాయో ఈ రంగు చెప్పదు. పద్ధతిగా తమను తాము ముగించుకున్నాయా (1972లో కెర్, వైలీ, కర్రీ అనే శాస్త్రవేత్తలు అపోప్టోసిస్ అని పేరు పెట్టింది దీనికే), లేక పగిలిపోయాయా? దానికి అనెక్సిన్ పరీక్ష చేయాలి.

మేం వాడేది డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు. శ్రీకాకుళంలో మా పెద్దమ్మకి ఎక్కించిన ఎర్ర మందు అదే. కీమోకి బస్సులో విశాఖ వెళ్లొచ్చేది. మర్నాడు ఒంటేలు కూడా ఎర్రగా వస్తే హడలిపోయింది. జుట్టంతా రాలింది, నోరు పుండై గంజి కూడా దిగేది కాదు. మందు గడ్డ దగ్గరే ఆగదు కదా, ఒళ్లంతా తిరుగుతుంది. గుండెకీ ముప్పే. అదే మందుని సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టి ఇచ్చే పద్ధతికి అమెరికాలో 1995లోనే అనుమతి వచ్చింది, గుండె మీద దెబ్బ తగ్గింది. మా ప్రయత్నమూ ఆ దారిలోదే.

ఆదివారం ఇంటికెళ్తే ఫోన్‌లో ఆ ప్లేటు ఫొటో చూపించాను. "మరి ఈ మందు ఎప్పుడొస్తాదమ్మా?" అంది పెద్దమ్మ. ముందు ఎలుకల మీద, తర్వాత మనుషుల మీద చూడాలి, ఏళ్లు పడుతుందని ఉన్నదున్నట్టు చెప్పాను.